తుడవని పేరు

మాధవరం,
ఆగస్టు 6, 2024.

ప్రమీలక్కకు,

నీ చిన్నాన్న కూతురు శశి రాసేది. కవరు మీద కడప జిల్లా ముద్ర చూసి ఉలిక్కిపడి ఉంటావు. కోడుమూరు షెడ్డు వదిలి వచ్చేశాను. ఎవరికీ చెప్పలేదు. ఫోన్ చెయ్యొచ్చు కదా అనకు. ఎమ్మిగనూరులో దాక్కున్నప్పుడు ఓబులేష్ నన్ను కనుక్కున్నది ఫోన్ నంబరు పట్టుకునే. అప్పటినుంచి చేతిలో ఫోన్ లేదు. ఉత్తరం ఎవరికి రాస్తే వాళ్ళ దగ్గరికే పోతుంది, అది చాలు నాకు.

పోయిన గురువారం డోన్ నుంచి ఒకామె చీరలు చూడడానికి షెడ్డుకు వచ్చింది. మగ్గాల మధ్య నడుస్తూ నా దగ్గర ఆగింది. సెల్లు నా ముఖం ముందు పెట్టి, "ఈ బొమ్మలో ఉండేది నువ్వే గదమ్మా? మా వీధిలో లారీ ఓబులేష్ పెండ్లాము మాదిరే ఉండావే!" అని నవ్వింది. బొమ్మలో నేను మగ్గం గుంటలో కూర్చుని, పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడె చేత్తో పట్టుకుని ఉన్నాను. కింద అచ్చులో రాసి ఉంది: శశికళ, పదిహేడో మగ్గం, కోడుమూరు షెడ్డు.

ఆ బొమ్మ పెట్టింది నువ్వు. మన నేతగాళ్ళ సంఘం చీరలు ఊళ్ళు దాటి పోవాలని, నేసినవాళ్ళ పేరు నలుగురికీ తెలియాలని కాటలాగు చేసి కంప్యూటరులో పెట్టావు. మంచికే పెట్టావు. నన్ను మాత్రం అడగలేదు.

మర్నాడు పొద్దున ఆరు గంటల బస్సెక్కాను. మగ్గం మీద చీర సగంలో ఉంది. మగ్గం పైన వేలాడే పలక మీద నా పేరు కూడా తుడవలేదు. షెడ్డు పద్ధతి నీకు తెలుసు. మగ్గం దిగిపోయేవాళ్ళు సుద్దతో రాసిన తమ పేరు తామే తుడుచుకోవాలి. ఇంకొకరు తుడిస్తే ఆ చెయ్యి మగ్గానికి నిలవదంటారు. నేను తుడవబోతే "యాడికి పోతాండావు శశీ?" అని ఇరవైమంది లేస్తారు. అందుకే వదిలేశాను.

ఇక్కడ ఫాతిమా బీ అనే ఆమె ఇంట్లో ఉన్నాను. నూలు కండెలు చుట్టి నేతగాళ్ళకు ఇస్తుంది. వసారాలో మగ్గం ఉంది, వాళ్ళాయన పోయినప్పటినుంచి ఖాళీగా ఉందట. నేను ఎవరో అడగలేదు. నా కుడి మణికట్టు చూసి, "ఇది కింద పడితే ఇరిగేది కాదు బేటీ" అంది, అంతే.

ఓబులేష్ చేతిలోని జాకీ రాడ్డు దాని మీద దిగినప్పుడు ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను. వాడూ విన్నాడు. విని, "ఇంగ నెయ్యి, సూద్దాం" అన్నాడు. ఆ గొంతు ఇప్పటికీ మగ్గం చప్పుడులో వినిపిస్తుంది.

బొమ్మ తీసెయ్యక్కా. పేరు తీసెయ్. నేను ఎప్పుడూ నెయ్యలేదన్నట్టు చెయ్యి.

శశి

*

కర్నూలు,
ఆగస్టు 12, 2024.

శశికి,

నీ ఉత్తరం అందిన గంటలో తీసేశాను. నీ బొమ్మ, నీ ఫైలు, చీర వివరాలు, అన్నీ. నా దగ్గర దాచుకున్న నకలు కూడా చెరిపేశాను. నీ పేజీ తెరవబోతే "ఈ పేజీ లేదు" అని వస్తోంది. కళ్ళారా చూశాను. ఇక నిశ్చింతగా ఉండు.

అడగలేదన్నావు. ఎందుకు అడగలేదా అని ఉత్తరం మడిచి విప్పి, విప్పి మడిచి ఆలోచించాను. పని తొందరలో మరిచిపోయానని రాయబోయాను. నిజం అది కాదేమో. అడిగితే వద్దంటావని తెలిసే అడగలేదేమో. ఎం.సి.ఏ. చదివి ఇరవై ఏళ్ళు కంప్యూటర్ల ముందు కూర్చున్నదాన్ని. మన ఇంట్లో మగ్గం మీద బతికిన ఆడవాళ్ళ పేరు ఒక్కటీ ఎక్కడా రాసి లేదు. నీ పేరు రాయాలని ఆశపడ్డాను. ఆ ఆశ నీకోసమా నాకోసమా అంటే చెప్పలేను.

షెడ్డులో అందరూ నిన్ను అడుగుతున్నారు. సంఘం అధ్యక్షుడు ప్రేమయ్య ఖాళీ మగ్గం చూసి ఊరుకునే మనిషి కాదు కదా, మర్నాడే గిడ్డమ్మను పదిహేడులో కూర్చోబెట్టాడు. ఆ బనగానపల్లె గిడ్డమ్మే, నోటి దురుసు ఆమె. నీ సగం చీర ఆమె నేస్తోంది. పలక మీద నీ పేరు తుడిచి తన పేరు రాసుకోమంటే, "నేనెందుకు తుడుస్తా? దిగినామె వచ్చి తుడుసుకోనీ. నా చేతులు నాకు కావాల" అందట.

భద్రం.

ప్రమీల

*

మాధవరం,
ఆగస్టు 27, 2024.

ప్రమీలక్కకు,

నువ్వు తీసేశానన్నావు కాబట్టి పోయిందనే అనుకుంటాను.

ఫాతిమా బీ మగ్గానికి కొత్త పడుగు ఎక్కించాం. మూడేళ్ళ కిందటి పాత పోగులు ఇంకా దువ్వెన లాంటి అచ్చులో వేలాడుతుంటే, ఒక్కొక్క కొసకు కొత్త పోగు అతికాం. ఆమె నోరు ఆగదు. "మొగోడు కొడతాడని పారిపోయి వచ్చినావు, సరే. తిరిగి కొట్టినావా ఎప్పుడన్నా?" అని అడిగింది. లేదన్నాను. "ఒక్కటన్నా కొట్టింటే రుచి తెలుస్తాండె" అంది. నవ్వాను గానీ, ఆ మాట లోపల ఎక్కడో కూర్చుంది. నేసేటప్పుడు ప్రతి పోగునూ దట్టించడానికి అచ్చు పలక లాగి కొడతాం కదా, ఈమధ్య ఆ దెబ్బ అవసరమైనదానికంటే గట్టిగా పడుతోంది. గుడ్డ అట్టలా వస్తోందని ఫాతిమా బీ తిడుతోంది.

ఒక చిన్న పని. గిడ్డమ్మ ఇంకా పదిహేడులోనే ఉందా? ఇరవైరెండో మగ్గం కిటికీ పక్కన, వెలుతురు బాగుంటుంది. అక్కడికి మారమని చెప్పు. నేను చెప్పానని చెప్పకు. ఆమె కూడా నాలాగే పొట్టి, నాలాగే కొంగు నెత్తిన కప్పుకుంటుంది కదా, ఊరికే గుర్తొచ్చింది.

శశి

*

కర్నూలు,
సెప్టెంబరు 11, 2024.

శశీ,

కూర్చుని చదువు. పక్కన ఫాతిమా బీని ఉండమను.

మొన్న సోమవారం పొద్దున పదకొండు గంటలకు ఓబులేష్ కోడుమూరు షెడ్డులోకి వచ్చాడు. లారీ రోడ్డు మీద ఆపి, తువ్వాలులో రాడ్డు చుట్టుకుని నడుచుకుంటూ వచ్చాడట. ఇరవై నాలుగు మగ్గాలు ఆడుతుంటే మనిషి అడుగుల చప్పుడు ఎవరికి వినిపిస్తుంది? చీరలు కొనడానికి వచ్చాడనుకున్నారు. ఒక్కొక్క పలకా చదువుకుంటూ లోపలికి పోయాడు. పదిహేడు దగ్గర నీ పేరు ఉంది. కింద, గుంటలో కాళ్ళు పెట్టుకుని, వీపు ఇటు, కొంగు నెత్తిన, ఒక పొట్టి మనిషి.

ముఖం కూడా చూడలేదు. మొదటి దెబ్బ అచ్చు పలక పట్టుకున్న కుడి చేతి మీద వేశాడు. ఆమె తిరగబోతే రెండోది ముఖం మీద. గుంటలోంచి లేవడానికి కాళ్ళు రాలేదు. మూడో దెబ్బ ఎత్తి, అప్పుడు ముఖం చూసి ఆగాడట. "నువ్వెవరే?" అన్నాడు.

"కొట్టినాక అడుగుతావేంరా ముదనష్టపోడా!" అంది గిడ్డమ్మ. నోట్లోంచి నెత్తురుతో పాటు ఆ మాట వచ్చింది. అందరూ చెప్పారు నాకు.

వాడు పరుగెత్తను కూడా లేదు. నడిచే పోయాడు. లారీ సాయంత్రానికి డోన్ యార్డులో దొరికింది, వాడు దొరకలేదు.

ఆస్పత్రిలో గిడ్డమ్మ మూడు వేళ్ళు తీసేశారు. ఎడమ కన్ను పోయింది. చెంప ఎముక లోపలికి పోయి ముఖం ఒక పక్క చదునుగా ఉంది. మగ్గం మీద నువ్వు సగంలో వదిలితే ఆమె ముప్పావు దాకా తెచ్చిన చీర నెత్తురు పీల్చి గట్టిపడిపోయింది. పోలీసులు కత్తిరించి తీసుకుపోయారు.

ఇరవైరెండుకు మారమని చెప్పమన్నావు. అంత చిన్న విషయానికి కోడుమూరు పోవడమెందుకు, ఈసారి పోయినప్పుడు చెబుదాంలే అనుకున్నాను.

వాడికి పదిహేడో మగ్గం అని ఎట్లా తెలిసిందో అర్థం కావడం లేదు.

ప్రమీల

*

మాధవరం,
సెప్టెంబరు 15, 2024.

ప్రమీలక్కా,

అర్థం కావడం లేదా? నాకు అర్థమైంది.

ఆగస్టు ఇరవయ్యో తేదీ ఫాతిమా బీ సెల్లులో మన సంఘం చీరలు చూస్తూ, వెతికే పెట్టెలో నా పేరు కొట్టమన్నాను. పోయిందో లేదో చూడాలని. పేరు వచ్చింది. శశికళ, పదిహేడో మగ్గం, కోడుమూరు షెడ్డు. నొక్కితే నువ్వు చెప్పినట్టే పేజీ లేదు. బొమ్మ లేదు. ఆ ఒక్క వరుస మాత్రం ఉంది. ఇల్లు కూలగొట్టి గుమ్మానికి పేరు వదిలేసినట్టు.

నీకు ఆ రోజే రాయాల్సింది. రాయలేదు.

ఎందుకంటే ఆ వరుస కోడుమూరు అంటోంది, నేను మాధవరంలో ఉన్నాను. వాడు వెతికితే అక్కడికి పోతాడు, ఇక్కడికి రాడు. ఆ ఆలోచన రాగానే ఒళ్ళు తేలికైంది. మూడేళ్ళలో ఆ రోజు కడుపునిండా అన్నం తిన్నాను. గిడ్డమ్మ అక్కడ కూర్చుందని నీ ఉత్తరంలో చదివే ఉన్నాను. తెలిసీ తిన్నాను. వారం తర్వాత మనసు ఒప్పక వెలుతురు బాగుంటుందని ఆ పిచ్చి మాట రాశాను. "ఆమెను లేపు, వాడు వస్తాడు" అని నాలుగు మాటలు రాసి ఉంటే నువ్వు పరుగెత్తేదానివి. రాస్తే వరుస తీసేస్తావు, తీసేస్తే వాడు ఇంకోచోట వెతుకుతాడు. ఆమె చేతిని నా చేతికి అడ్డం పెట్టాను.

నువ్వూ ఒకటి చెప్పు. నా చెయ్యి విరిగిన వారం నీ ఇంటికి వచ్చాను. కట్టు కట్టించావు, కాఫీ ఇచ్చావు, నాలుగో రోజు నువ్వే డోన్ బస్సు ఎక్కించావు. "రెండ్రోజులు పోతే వాడే సర్దుకుంటాడు" అన్నావు. బస్సు దిగిన పూట విరిగిన చేతినే మెలితిప్పి, "మీ అక్క మంచిది, చెప్పిన మాట వింటాది" అన్నాడు. నీకు ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను, ఎందుకంటే నీ ఉత్తరంలో చివరి వాక్యం నేను నమ్మను.

ఆ వరుస నువ్వు చూడలేదా?

శశి

*

కర్నూలు,
సెప్టెంబరు 20, 2024.

శశీ,

చూశాను. ఆగస్టు పద్నాలుగునే చూశాను. నీకు "తీసేశాను" అని రాసిన రెండో రోజు.

సాకు చెప్పడం లేదు. ఏం జరిగిందో నీకు తెలియాలి. మన కాటలాగులో సరుకు గోదాము లాంటి ఒకచోట ఉంటుంది, సూచిక ఇంకోచోట ఉంటుంది. జనం వెతికేది సూచికలో. ఒక ప్రోగ్రాం రోజూ తెల్లవారుజామున గోదామంతా తిరిగి, కొత్తగా వచ్చినవీ మారినవీ చూసి సూచికలో రాసుకుంటుంది. నీ ఫైలు లేకపోతే మర్నాడు అదే నీ పేరు కొట్టేస్తుందనుకున్నాను. కానీ అది ఉన్నవాటినే చూస్తుంది. లేనిది దాని కంట పడదు. పోయినవాళ్ళు పోయారని దానికి ఒకరు చెప్పాలి. నేను చెప్పలేదు.

ఆ ప్రోగ్రాంను మొదటినుంచి మళ్ళీ తిప్పి చూశాను, రెండుసార్లు. వరుస కదల్లేదు. సూచికలోకి నేరుగా పోయి కొట్టేద్దామంటే దాని తాళం దాన్ని తయారుచేసిన కంపెనీ దగ్గర ఉంది, వాళ్ళు ఫోన్ ఎత్తరు. వాళ్ళు ఇచ్చిపోయిన పుస్తకం బీరువా అడుగున ఉంది. గిడ్డమ్మకు దెబ్బ తగిలాక తీసి చదివాను. ముందే చదవాల్సింది. ఏది తీసెయ్యాలన్నా ముందు దాని మీద "తొలగించవలసినది" అని గుర్తు పెట్టాలట. ప్రోగ్రాం ఆ గుర్తు చూసి సూచికలో పేరు కొట్టేస్తుందట. ఆ తర్వాతే సరుకు తీయాలట. నేను భయంలో ముందు సరుకు తీసేశాను. ఇప్పుడు దారి ఒక్కటే. అదే పేరుతో ఫైలు తిరిగి పెట్టి, గుర్తు పెట్టి, అది చూసేదాకా ఒక రోజు ఆగి, అప్పుడు తీయాలి.

ఇరవై ఆరు రోజులు నీకు రాయలేదు. తీసేశానని రాసిన కవరు నీ చేతిలో ఉంది. కాదని ఇంకో కవరు రాయడానికి సిగ్గేసింది. రేపు పోతుంది, ఎల్లుండి పోతుంది అనుకున్నాను. అంతే కారణం. ఇంతకంటే పెద్ద కారణం ఉంటే బాగుండునని వెతుక్కున్నాను, దొరకలేదు. డోన్ బస్సు సంగతి కూడా అంతే. నిన్ను పంపింది నీ సంసారం బాగుపడాలని అని ఇన్నేళ్ళు చెప్పుకున్నాను. వాడు నా ఇంటి తలుపు తడతాడని భయపడ్డానేమో.

నిన్న ప్రేమయ్య వచ్చాడు. "ప్రమీలమ్మా, నీకు తెలిసిన విద్యేదో చేసి ఆ వరస ఈ పొద్దే తుడిచెయ్. పోలీసోళ్ళు సూస్తే సంగం పేరు యాడికి పోతాదో నీకు ఎరుక లేదా?" అన్నాడు. గిడ్డమ్మ ముఖం ఎక్కడికి పోయిందో నీకు ఎరుకేనా అని అడగాలనిపించింది. అడగలేదు.

ఇంకొకటి. ఓబులేష్ ఫోన్ చేశాడు. కాటలాగులో నా నంబరు ఉంది కదా. గొంతు చాలా మెత్తగా ఉంది. "వదినా, నీ కంప్యూటరు అబద్దం చెప్పిండాది. పేరు సూపిచ్చె, బొమ్మ నొక్కితే రాలా. ముకం కనపడింటే ఆ ముసిల్దాన్ని ఎందుకు కొడతా? నన్ను పాపం కట్టుకునేట్టు చేసినావు. ఈసారి ముకం సూసినాకే కొడతా. పోయినసారి బస్సెక్కిచ్చింది నువ్వే గదా. ఈసారీ ఎక్కిచ్చు, తల్లీ" అన్నాడు.

గుర్తు పెట్టి తుడిచేస్తే సాక్ష్యం పోతుంది, నా తప్పు కూడా పోతుంది. ఉంచితే వాడికి దారి. నువ్వు చెప్పినట్టు చేస్తాను. ఈసారి అడుగుతున్నాను.

ప్రమీల

*

మాధవరం,
సెప్టెంబరు 25, 2024.

అక్కా,

తుడవద్దు. తిరిగి పెట్టు.

కొత్త బొమ్మ ఇందులో పంపుతున్నాను, ఫాతిమా బీ స్టూడియోకు తీసుకుపోయి తీయించింది. కొంగు నెత్తిన లేదు, ముఖం బాగా కనబడుతుంది. వాడు ముఖం అడిగాడు కదా. పేరు శశికళ, పదిహేడో మగ్గం, కోడుమూరు షెడ్డు. తారీఖు కూడా వెయ్యి.

నేను అక్టోబరు ఒకటో తేదీ బస్సుకు వస్తున్నాను. ఆ మగ్గంలో కూర్చుంటాను. నన్ను ఆపుతూ ఉత్తరం రాయకు, చేరేలోపు నేను బయల్దేరి ఉంటాను.

ఫాతిమా బీ ఏడ్వలేదు. "నీ పడుగు తెంచను, కొసలు అట్లే పెడతా. ఎప్పుడొచ్చినా అతుక్కోవచ్చు" అంది.

శశి

*

కర్నూలు,
సెప్టెంబరు 30, 2024.

శశీ,

ఈ ఉత్తరం కోడుమూరుకు రాస్తున్నాను. నువ్వు చేరేసరికి ప్రేమయ్య బల్ల మీద ఉంటుంది.

పెట్టాను. పెట్టే ముందు పాత వరుసను అచ్చు తీసి, నేను ఏ రోజు చూసిందీ ఎన్నాళ్ళు ఊరుకుందీ రాసి, సంతకం పెట్టి స్టేషనులో ఇచ్చాను. ఎస్సై రెండుసార్లు చదివి, "మేడమ్, ఇది మీరే మీ మీద ఇస్తున్న కంప్లైంట్ మాదిరి ఉంది" అన్నాడు. అవునన్నాను. ఇద్దరు కానిస్టేబుళ్ళను మఫ్టీలో షెడ్డు ముందు టీ అంగడి దగ్గర పెడతానన్నాడు.

ఇంటికి వచ్చి మీట నొక్కాను. బస్సు ఎక్కించిన చేతితోనే ఇది కూడా చేస్తున్నాను. ఈసారి నువ్వు అడిగావు కాబట్టి వేరు అనుకోవాలా? అడిగినదల్లా ఇవ్వడం మంచితనమేనా? తెలియదు. ఈ పొద్దున నీ పేరు వెతికాను. వచ్చింది. నొక్కితే నీ ముఖం వచ్చింది. నేను చూడలేక మూసేశాను.

ప్రమీల

*

కోడుమూరు షెడ్డు,
అక్టోబరు 10, 2024.

ప్రమీలక్కకు,

వాడు వచ్చాడు. మంగళవారం, మధ్యాహ్నం రెండు గంటలకు. నేను బాగున్నాను. ముందు అది రాశాను కాబట్టి మిగతాది నెమ్మదిగా చదువు.

వారం ముందే షెడ్డులో ఆడవాళ్ళందరికీ చెప్పాను. నేను ఎవరు, వాడు ఎవరు, గిడ్డమ్మకు తగిలిన దెబ్బ ఎవరిది. మద్దమ్మ తలుపు దగ్గర ఒకటో మగ్గంలో ఉంటుంది కదా. "వాడు గడప తొక్కితే నేను మగ్గం నిలుపుతా. నా సప్పుడు ఆగితే పక్కామె నిలపాల. అట్ల నీ కాడికి వస్తాది" అంది. అదే మా ఏర్పాటు.

నేస్తున్నాను. తలుపు వైపు ఒక మగ్గం ఆగింది. దారం తెగిందేమో అనుకున్నాను. రెండోది ఆగింది. మూడు, నాలుగు. వాన వెనక్కి తగ్గినట్టు చప్పుడు తలుపు దగ్గరనుంచి నా వైపు చచ్చిపోతూ వచ్చింది. పదహారు ఆగింది. ఇక నా మగ్గం ఒక్కటే ఆడుతోంది. నేను ఆపలేదు. నాడె ఇంకోసారి తోశాను.

వాడు నా ఎదురుకు వచ్చి నిలబడ్డాడు. ముఖం చూశాడు. "బాగుండావా?" అన్నాడు, ఊరినుంచి వచ్చిన మొగుడి మాదిరి.

"నీ మగ్గం సప్పుడు డోన్ దాకా ఇనపడ్తాండాది" అన్నాడు మళ్ళీ. తువ్వాలు విప్పాడు.

రాడ్డు దిగేసరికి నేను పక్కకు వాలాను. అది మగ్గం అడ్డకర్రకు తగిలి కర్ర చీలింది. నాడె నా చేతిలో ఉంది. రెండు కొసలకూ ఇనుప మొన ఉంటుంది. వాడి ముంజేతిలో గుచ్చాను. దిగింది. లాగి మళ్ళీ గుచ్చాను. వాడు అరిచి రాడ్డు వదిలాడు. అప్పటికి ఆడవాళ్ళు గుంటల్లోంచి లేచి పడుగు కర్రలతో వచ్చేశారు. ఏం చెప్పనక్కా, అది కొట్టడం కాదు, దంచడం. మద్దమ్మ లెక్కపెడుతూ కొట్టింది. "ఇది గిడ్డమ్మ ఏలికి! ఇది రెండో ఏలికి! ఇది మూడో ఏలికి! కన్ను యాడ బెడతావురా, చెప్పు!" వాడు నేల మీద ముడుచుకుని చేతులతో తల కప్పుకున్నాడు. నేను మూడేళ్ళ కిందట వంటింట్లో అట్లాగే ముడుచుకున్నాను.

నేను రాడ్డు తీసుకున్నాను. అందరూ జరిగారు. వాడి కుడి చెయ్యి నేల మీద ఉంది. మణికట్టు మీద ఒక్కటి వేశాను. చప్పుడు విన్నాను. వాడూ విన్నాడు. "ఇంగ లారీ తోలు, సూద్దాం" అన్నాను.

ఆ దెబ్బ నాకు నచ్చింది. మనిద్దరం చాలా దాచుకున్నాం, ఇది దాచను. చాలా నచ్చింది. రెండోది ఎత్తాను, తల మీదకే. ఎవరో నా కొంగు పట్టి వెనక్కి లాగారు. లాగకపోతే దించి ఉండేదాన్ని. ఆ పూటంతా కూర్చుని నా చేతిని నేనే చూసుకున్నాను.

కానిస్టేబుళ్ళు టీ గ్లాసులతోనే పరుగెత్తుకొచ్చారు. "ఈ చెయ్యి ఎవరు ఇరిచినారు?" అంటే, "జారిపడినాడు సార్, రాడ్డు మింద" అంది మద్దమ్మ. "నాడె గాయాలు?" "దాని మింద గూడా పడినాడు సార్." ఇరవైమందీ తలలు ఊపారు. నేను మాత్రం స్టేషనులో నిజం రాసిచ్చాను. మద్దమ్మ నన్ను తిట్టింది.

నిన్న గిడ్డమ్మ దగ్గరకు పోయాను. మంచం మీద కూర్చుని ఎడమ చేత్తో సంగటి తింటోంది. ఆ వరుస నేను ముందే చూశానని, ఇరవై రోజులు తెలిసి ఊరుకున్నానని చెప్పాను. ముద్ద పక్కన పెట్టింది.

"తెలిసీ చెప్పలేదా?"

"చెప్పలేదు."

"దగ్గరికి రా."

పోయాను. ఎడమ చేత్తో చెంప మీద కొట్టింది. సంగటి అంటుకుంది. "ఈ చెయ్యి ఇంగా అలవాటు కాలా, సరిగ్గా తగల్లా" అంది. పక్కన పెట్టిన ముద్ద మళ్ళీ తీసుకుని తింది. నేను లేవబోతుంటే అంది, "నా మగ్గం ఖాళీగా పెట్టద్దు. నువ్వు కూసో. నేను పక్కన కూసోని పోగు తెగితే చెప్తా. ఒంటి కన్నైనా నీ కన్నా బాగనే కనపడ్తాది. తప్పు నేస్తే ఎడమ చెయ్యి ఉండనే ఉండాది."

పొద్దున షెడ్డుకు వచ్చి పలక దించాను. నా పేరు నేనే తుడిచాను. తుడిచి గిడ్డమ్మ పేరు రాశాను. దాని కింద నా పేరు రాసుకున్నాను.

కాటలాగులో కూడా అట్లాగే పెట్టు.

శశి

*

కర్నూలు,
అక్టోబరు 17, 2024.

శశీ,

నువ్వు అడిగినట్టే పెట్టాను. గిడ్డమ్మ బొమ్మ కావాలని అడిగి తెప్పించాను. ఆమె పంపిన కబురు: "చదునైన పక్కే తియ్యమను. సూసేటోళ్ళు సూడనీ."

ప్రేమయ్య నా దగ్గర కాటలాగు తాళాలు తీసుకున్నాడు. నెలాఖరుకు ఇంకెవరో వస్తారట. వచ్చేవాళ్ళ కోసం బల్ల మీద ఒక కాగితం అంటించాను. "తీసే ముందు గుర్తు పెట్టు. అది చూసిందో లేదో చూడు. అప్పుడు తియ్యి." కింద గిడ్డమ్మ పేరు రాశాను, ఎందుకో వాళ్ళకు అర్థం కాదు. అడిగితే చెప్తాను.

కోర్టులో నా తప్పు నేను చెప్పాలి. నీ దెబ్బ గురించి కూడా అడుగుతారు. రెండోది ఎత్తావన్నావు. నీ కొంగు లాగిన చెయ్యి నాది అయి ఉంటే బాగుండునని అనుకున్నాను. తర్వాత, నేను అక్కడ ఉంటే నిజంగా లాగేదాన్నా అని అనుమానం వచ్చింది. ఆ అనుమానం తీరదు.

ఓబులేష్ బెయిలుకు పెట్టుకున్నాడని ఎస్సై చెప్పాడు. దొరకొచ్చట. "మీ చెల్లెలి పేరు కంప్యూటర్లోంచి ఇప్పుడైనా తీసేస్తారా?" అని అడిగాడు. నిన్ను అడిగి చెప్తానన్నాను. అడిగితే ఏమంటావో తెలిసినా, అడుగుతున్నాను.

తాళాలు ఇచ్చే ముందు ఒక్కసారి వెతికాను. గిడ్డమ్మ, శశికళ. పదిహేడో మగ్గం. కోడుమూరు షెడ్డు. ఒక్కటే వరుస వచ్చింది. నొక్కాను. తెరుచుకుంది. మీరిద్దరూ ఉన్నారు.

ఆదివారం బస్సుకు వస్తున్నాను.

ప్రమీల